కాక్‌పిట్‌ల కోసం న్యూవార్క్ దాకా

లండన్‌లో విమానాలన్నీ తాడు ఇవతల నుంచే చూసి మామగారు విసిగిపోయారు. ఇంగ్లండ్‌లోనే ఉన్న న్యూవార్క్‌లో మాత్రం పాత బాంబర్ విమానం కాన్‌బెర్రా పైలట్ సీట్లో కూర్చుని, పిలిచినా దిగనన్నారు. పాత యుద్ధవిమానాలంటే ఏమాత్రం ఇష్టమున్నా జూన్‌లో అక్కడ జరిగే కాక్‌పిట్ (పైలట్ కూర్చునే గది) ఫెస్ట్‌కు తప్పక వెళ్లండి.

నాటింగ్‌హామ్‌షైర్‌లో, ఒకప్పటి వింథార్ప్ వైమానిక స్థావరంలో ఉంది న్యూవార్క్ ఎయిర్ మ్యూజియం. లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది. బస మాత్రం ఘోరం. మామగారి మోకాళ్ల సంగతి ముందే చెప్పి 94 పౌండ్లు కట్టినా, లాడ్జివాళ్లు లిఫ్టు లేని మూడో అంతస్తులో గది ఇచ్చారు. కింద గదికి మరో 20 పౌండ్లు అడిగారు. అది కట్టి దిగితే వేడినీళ్లు రాలేదు. మా ఆవిడ తెల్లవారేదాకా నాతో మాట్లాడలేదు. రాత్రి బస పెట్టుకోకండి. ఉదయం రైలెక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చు.

మ్యూజియంలో అడుగు పెట్టాక ఆ కోపమంతా పోయింది. ఈ ఉత్సవానికి ఔత్సాహికులు తెచ్చేది విమానాల ముందుభాగాలనే. విమానం తుక్కుకు వెళ్లేటప్పుడు కాక్‌పిట్ వరకు కోయించి కొనుక్కుంటారు. విమానమంతా కొంటే దాన్ని నిలపడానికి హ్యాంగర్ అనే పెద్ద షెడ్డు కావాలి. ముక్కు ఒక్కటే అయితే ఇంటి షెడ్డులో పడుతుంది, ట్రైలర్ మీద ఎక్కుతుంది. ఆపైన ఏళ్ల తరబడి ఒక్కో స్విచ్చూ, ఒక్కో డయలూ వెతికి బిగిస్తారు.

మామగారు ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా, అంటే డయళ్లు, మీటర్లు చూసుకునే మెకానిక్‌గా, ఆగ్రాలో కాన్‌బెర్రాల మీద పనిచేశారు. మన వైమానిక దళం వాటిని 1957 నుంచి 2007 దాకా నడిపింది. ఆ సంగతి తెలియగానే కాక్‌పిట్ యజమాని ఆయన మోచేయి పట్టి జాగ్రత్తగా లోపలికి ఎక్కించాడు. పాత రబ్బరు, తోలు వాసన. మామగారి చేయి నేరుగా ఎత్తు చూపే మీటరు, ఆల్టీమీటర్ మీదికి వెళ్లింది. కింది మర తిప్పగానే గాలి ఒత్తిడిని చూపే మిల్లీబార్ల అంకెలు కదిలాయి, వాటితో పాటే సూదులూ కదిలాయి. దానికి కరెంటు అక్కరలేదు. లోపలి లోహపు డబ్బీ గాలి ఒత్తిడిని బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. "చూడు బాబూ, ఇంకా పనిచేస్తోంది" అన్నారు. ఆ తర్వాత ప్యానెల్‌లో ఖాళీగా ఉన్న చోట ఏ డయల్ ఉండాలో ఆయన చెబుతుంటే యజమాని పుస్తకం తీసి రాసుకున్నాడు. ఎంతో ఖర్చు పెట్టి చూసిన కోటలేవీ మామగారి ముఖంలో ఆ వెలుగు తేలేదు.

బయట వల్కన్ బాంబర్ ఎక్స్‌ఎం 594 ఉంది; 1983లో ఎగిరి వచ్చి ఇక్కడే దిగింది. ప్రమాదంలో మనిషిని బయటికి విసిరి కాపాడే ఎజెక్షన్ సీట్లు పైలట్లిద్దరికే, వెనక ముగ్గురికి లేవు. మన కాన్‌బెర్రా బాంబర్లలో దారి చూపే నావిగేటర్‌కూ అంతేనని చెబుతూ మామగారు కోపంతో ఊగిపోయారు.

పాత విడిభాగాల దుకాణాల్లో ఆల్టీమీటర్‌కు 60 పౌండ్లు చెప్పారు, మా ఆవిడ బేరమాడి 45కి తెచ్చింది. కొనేముందు డయల్ మీద చీకట్లో మెరిసేందుకు వేసిన రంగులో రేడియం ఉందేమో అడగండి. ఇప్పుడు మెరవకపోయినా అది ప్రమాదమే, దాని రేడియోధార్మికత వేల ఏళ్లు ఉంటుంది. అద్దం పగిలినదైతే ముట్టుకోకండి. కాక్‌పిట్ నిచ్చెనలు ఇరుకు కనుక చీరకట్టుతో ఎక్కడం కష్టం. ఉదయాన్నే వెళితే యజమానులు తీరిగ్గా మాట్లాడతారు. మధ్యాహ్నానికి ప్రతి కాక్‌పిట్ ముందూ పిల్లల వరుసలే.