సైకిల్ షాపాయన నేర్పిన కటింగ్: డావిన్సీ రిజాల్వ్ ఉచిత పాఠాలపై నా రివ్యూ

తెనాలిలో మాది చిన్న స్టూడియో. మా ఆయన షూట్ చేస్తారు, మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) నాది. పదకొండేళ్లుగా ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్ మీదే చేశాను. జీలకర్ర బెల్లానికి ఒక టెంప్లేట్, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఏడుపు పాట. కట్ పడిన ప్రతిచోటా గుండె బొమ్మో పూలరేకులో ఎగరాల్సిందే. కస్టమర్లు అదే అడిగేవాళ్లు, నేనూ అదే ఇచ్చేదాన్ని. ఇప్పుడేమో పెళ్లికొడుకులు ఫోన్లో రీల్ చూపించి "అక్కా, ఇలా కావాలి" అంటున్నారు. అందులో గుండె బొమ్మలుండవు. నా టెన్షన్ అక్కడ మొదలైంది.

ముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకు 6,500 రూపాయలు కట్టాను. పేరెందుకులెండి. సార్ తన ఫైళ్లతో తన స్క్రీన్ మీద చకచకా చేసేసి "చూశారుగా, ఇంతే" అనేవారు. ప్రాక్టీసుకు ఫుటేజ్ అడిగితే "మీ పెళ్లి వీడియోలున్నాయిగా" అన్నారు.

తర్వాత మా తమ్ముడు చెబితే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వాళ్ల సైటులో ట్రైనింగ్ పేజీ తెరిచాను. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆస్ట్రేలియా కంపెనీ అది. సాఫ్ట్‌వేర్‌కు ఫ్రీ వెర్షన్ ఉందని తెలుసు గానీ, పుస్తకాలూ ఫ్రీ అని తెలీదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒకటి, ఎడిటింగ్‌కు ఒకటి, కలర్, సౌండ్, విజువల్ ఎఫెక్ట్స్‌కు విడివిడిగా పీడీఎఫ్‌లు. ఒక్కోటి వందల పేజీలు. పాఠాల్లో వాడిన ఫుటేజ్ కూడా వాటితోపాటే ఇస్తారు. నా మటుకు నాకు పుస్తకం కన్నా ఆ ఫుటేజే ముఖ్యం.

ఎందుకంటే అది మనం తీసింది కాదు. మన పెళ్లి ఫుటేజ్‌లో పెళ్లికూతురి మేనత్త ఎవరో, ఆమెను తీసేస్తే ఎవరు అలుగుతారో ముందే తెలుసు కాబట్టి దేన్నీ కోయబుద్ధి కాదు. నేను మొదలుపెట్టిన పుస్తకంలో ఒక సైకిల్ షాపు యజమాని ఇంటర్వ్యూ ఉంది. ఆయనెవరో నాకు తెలీదు, మొహమాటం లేదు. ముందు ఆయన మాటల్లో పనికొచ్చేవి వరుసగా పేర్చాలి. అతుకుల దగ్గర బొమ్మ ఎగిరిపడుతుంది, పడనివ్వాలి. ఆ తర్వాత షాపులో తీసిన షాట్లు తెచ్చి ఆ అతుకుల మీద పరవాలి. అతుకు కనబడదు, మాట ఆగదు. ఇన్నేళ్లూ నేను పూలరేకులతో కప్పింది ఇదే కదా అనిపించింది. షాట్‌ను మధ్యలో దూర్చే ఇన్సర్ట్‌కు ఎఫ్9, ఉన్నదాని చోట కొత్తది పెట్టే ఓవర్‌రైట్‌కు ఎఫ్10, పైన పెట్టడానికి ఎఫ్12. ఈ మూడు కీలు వేళ్లకు పట్టాక మౌస్ సగం మర్చిపోయాను.

మొదట్లో మాత్రం ఏడిపించింది. పాఠం ఫైళ్లు బయటి హార్డ్‌డిస్కులో పెట్టుకున్నాను. మా ఆయన అది పీకి వేరే షూట్ డిస్కు తగిలించి వెళ్లారు. మర్నాడు ప్రాజెక్టు తెరిస్తే స్క్రీనంతా ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్'. సాఫ్ట్‌వేర్‌ని గంటసేపు తిట్టుకున్నాక డిస్కు సంగతి గుర్తొచ్చింది.

లోటుపాట్లు లేవని కాదు. తెలుగులో లేదు. ఇంగ్లిష్ తేలికే గానీ, టెన్త్ చదివి మిక్సింగ్‌లోకి వచ్చిన మా కుర్రాడు రెండు పేజీలకే మూసేశాడు. అన్నీ ఒకటి, రెండు, మూడు అని మెట్లుగా ఉంటాయి. గుడ్డిగా నొక్కుకుంటూ పోతే పాఠం అయిపోతుంది, ఎందుకు నొక్కామో బుర్రకెక్కదు. నేను ప్రతి పాఠం పుస్తకం మూసి రెండోసారి చేశాను. ఇక మూడు కెమెరాలతో రాత్రంతా తీసిన పెళ్లిని ఎలా సర్దుకోవాలో నేను చేసిన పుస్తకంలో నాకు దొరకలేదు. తెరమీద వేసే తెలుగు పేర్లు నేను ఇప్పటికీ అను అనే తెలుగు ఫాంట్లతో ఫొటోషాప్‌లో కొట్టి బొమ్మగానే తెచ్చుకుంటున్నాను. పుస్తకం ఏ వెర్షన్‌కు రాసిందో చూసి దించుకోండి, లేదంటే బటన్లు వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఫ్రీ వెర్షన్ మాకు దాదాపు సరిపోతోంది. అల్ట్రా హెచ్‌డీ వరకు వాటర్‌మార్క్ లేకుండా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. అర్ధరాత్రి ముహూర్తాల్లో మసక లైట్లకు బొమ్మలో గింజల్లా వచ్చే చుక్కలు పోగొట్టే నాయిస్ రిడక్షన్ మాత్రం డబ్బు కట్టి కొనే 'స్టూడియో' వెర్షన్‌లోనే. నేను చూసినప్పుడు దాని ధర 295 డాలర్లు, ఒకసారి కడితే చాలు. మా ఆయన లెన్సు కొన్నాక ఆలోచిద్దాం అన్నారు.

మొన్న వేమూరు దగ్గరి పెళ్లిలో అమ్మమ్మగారు మనవరాలికి చెప్పిన నాలుగు మాటలు పదకొండు నిమిషాలు నడిచాయి. మధ్యలో దగ్గు, వంటవాళ్లకు కేకలు. నిమిషం నలభై సెకన్లకు దించాను. అతుకుల మీద ఆవిడ చేతులు, చీర కొంగు, పిల్ల ముఖం పరిచాను. ఒక్క పూలరేకు లేదు. పెళ్లికూతురు ఫోన్ చేసి "అక్కా, మా అమ్మమ్మ ఇంత బాగా మాట్లాడిందా?" అంది.

పుస్తకం చివర ఆన్‌లైన్ పరీక్ష ఉంది, పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇంకా రాయలేదు. మాఘమాసం ముహూర్తాలు అయ్యాక కూర్చోవాలి.