రెండు వంపుల వీడియో లారింగోస్కోపులు: ఒక మత్తు వైద్యురాలి సమీక్ష

హనుమకొండలో మత్తు వైద్యురాలిగా రోగి శ్వాసనాళంలోకి శ్వాస గొట్టం వేసేటప్పుడు గొంతు లోపలి భాగాన్ని కెమెరాతో తెర మీద చూపే వీడియో లారింగోస్కోపులను రెండు రకాలుగా వాడుతున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. 1943 నాటి మాకింతోష్ బ్లేడు (నాలుకను ఎత్తిపట్టే వంపు తిరిగిన పలక) వంపుకే కెమెరా జోడించిన సీ-మాక్ వంటి పరికరం చేతికి వెంటనే అలవాటవుతుంది. తెర ఆగిపోయినా నేరుగా కంటితో చూసి గొట్టం వేయవచ్చు కనుక, పీజీ విద్యార్థులకు నేర్పడానికి దీనినే ఎంచుకుంటాను.

మెడ కదపకూడని రోగుల విషయం వేరు. గ్లైడ్‌స్కోప్ తరహాలో సుమారు 60 డిగ్రీల వంపున్న బ్లేడు, మెడను పెద్దగా వంచకుండానే స్వరతంత్రులను తెర మీద చక్కగా చూపిస్తుంది. అయితే కనిపించినంత మాత్రాన గొట్టం లోపలికి వెళ్లదు. బ్లేడు వంపుకు తగ్గ గట్టి స్టైలెట్ (గొట్టం లోపల ఉండి దానికి ఆకారమిచ్చే కడ్డీ) తప్పనిసరి. గొట్టం కొన స్వరతంత్రులను చేరగానే స్టైలెట్‌ను కొద్దిగా వెనక్కి లాగితేనే, కొన శ్వాసనాళం ముందు గోడకు తట్టుకోకుండా కిందికి జారుతుంది. గొట్టాన్ని నోట్లో పెట్టేటప్పుడు తెరను కాక నోటినే చూడాలి, లేకుంటే అంగిలికి గాయమయ్యే ప్రమాదం ఉంది.

రక్తం, కఫం నిండితే ఏ కెమెరాకైనా చూపు పోతుంది. ఒకసారి చలికాలంలో కటకానికి ఆవిరి పట్టి, రోగి నోటి ముందే తెరంతా పొగమంచులా తెల్లబడింది. అప్పటి నుంచి కటకం వేడెక్కేలా పరికరాన్ని ముందుగానే ఆన్ చేసి ఉంచుతున్నాను.

జనగామ, ములుగు వైపు చిన్న ఆసుపత్రులు ఒక్కటే కొనగలిగితే, రెండు వంపుల బ్లేడులూ ఒకే తెరకు అమరే నమూనాను, దానితోపాటు ఒక బూజీని (గొట్టానికి దారి చూపే సన్నని, వంగే కడ్డీని) తీసుకోవాలని కోరుతున్నాను.