కునెకునె పంది పిల్లలను కొనబోయేవారికి హెచ్చరిక: గొంతు కింద లోలకులు చూసి డబ్బు చేతిలో పెట్టకండి

న్యూజీలాండ్‌లో, ముఖ్యంగా వైకాటో ప్రాంతంలో, ఊరికి దూరంగా నాలుగైదు ఎకరాలు కొనుక్కొని నాలుగు జీవాలను పెంచుకుందామనుకుంటున్న మన తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. గత వసంతంలో “అచ్చమైన కునెకునె పిల్లలు” అన్న ప్రకటన చూసి రెండు ఆడ, రెండు మగ పిల్లలను 900 డాలర్లకు కొన్నాము. అవి అచ్చమైనవి కావు. సీమపంది రక్తం కలిసిన సంకరాలు.

పందుల్లో ఏదైతేనేం అనుకునేవారికి ఒక మాట. కునెకునె అంటే న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో బొద్దుగా, గుండ్రంగా ఉన్నది అని అర్థం. 1970ల చివరికి ఈ జాతి దాదాపు అంతరించే స్థితికి వచ్చినప్పుడు, మైకేల్ విల్లిస్, జాన్ సిమిస్టర్ అనే ఇద్దరు వన్యప్రాణి సంరక్షకులు దేశమంతా తిరిగి అచ్చమైన వాటిని సేకరించారు. కేవలం 18 పందులతో మొదలై జాతి మళ్లీ నిలదొక్కుకుంది. పొట్టి కాళ్లు, పైకి తిరిగిన చిన్న ముట్టె, నెమ్మదైన స్వభావం, ప్రధానంగా పచ్చిక మేసి బతకగలగడం దీని గుణాలు. మిగతా పందులతో పోలిస్తే నేలను తవ్వడం తక్కువ కాబట్టే పండ్ల చెట్ల కింద మేపుకోవచ్చని మేము దీన్ని ఎంచుకున్నాము.

చూడడానికి వెళ్లిన రోజు అమ్మకందారు మాకు పిల్లలను మాత్రమే చూపించాడు. తల్లి ఎక్కడని అడిగితే దూరపు మడిలో ఉందని, వాన పడి దారి బురదగా ఉందని చెప్పాడు. తండ్రిని అరువు తెచ్చానన్నాడు. అక్కడే మేము వెనక్కి తిరగవలసింది. కానీ అతను ఒక పిల్లను ఎత్తి, గొంతు కింద వేలాడుతున్న రెండు లోలకులను చూపించి, “ఇవి ఉన్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు” అన్నాడు. ఇక్కడ వీటిని పిరిపిరి అంటారు. అచ్చమైన కునెకునెల్లోనూ కొన్నింటికి ఇవి ఉండవు, సంకరాల్లోనూ కొన్నింటికి ఉంటాయి. జాతికి రుజువుగా వీటి విలువ మేకమెడ చన్నుల పాటిదేనని, నాకు ఆ సామెత చిన్నప్పటి నుంచీ తెలిసి కూడా, ఆ పూట తట్టలేదు. ముట్టె చూసి పోల్చుకుందామన్నా కుదరలేదు, ఎందుకంటే ఐదారు వారాల వయసులో ఏ పంది పిల్ల ముట్టె అయినా పొట్టిగానే కనిపిస్తుంది.

మూడో నెల నుంచి తేడా బయటపడింది. ముట్టెలు వారం వారం సాగుతూ వచ్చాయి, కాళ్లు పొడవయ్యాయి, ఆరు నెలలకు టేపుతో ఛాతీ కొలిచి లెక్క కట్టిన పశువైద్యురాలు ఒక్కొక్కటి 70 కిలోలు దాటిందని చెప్పారు. ఒక రాత్రి వానకు నేల మెత్తబడితే, తెల్లవారేసరికి మూడు ప్లమ్ చెట్ల చుట్టూ నాగలితో దున్నినట్టు మట్టి పెళ్లగించి ఉంది. వేర్లు తెల్లగా పైకి తేలాయి. కునెకునెల కోసమని వేసిన తేలికపాటి కంచె తీసేసి కొత్తది వేయించడానికి పిల్లల ధరకు మూడింతలు అయింది.

రెండో మోసం ఇంతకన్నా బాధ కలిగించింది. మగ పిల్లలు రెండింటికీ విత్తులు తీయించానని అతను చెప్పాడు. ఒకదానికి నిజంగానే తీయించాడు. రెండోదానికి ఒక విత్తు తీయకుండానే వదిలేశారని, తోడబుట్టిన ఆడది చూలు నిలిచాక పరీక్ష చేయిస్తే గాని తెలియలేదు. పందికి చూలు 114 రోజులే కాబట్టి ఆలోచించుకునే వ్యవధి కూడా మిగల్లేదు. ఏడు పిల్లలు పుట్టాయి, మూడు మాత్రమే దక్కాయి. పశువైద్యుడి రసీదు లేకుండా ఈ విషయంలో ఎవరి నోటిమాటా నమ్మవద్దు.

మేత విషయంలో అతను ఇచ్చిన సలహా కూడా ప్రమాదకరమైనదే. హోటళ్లలో మిగిలిన అన్నం, కూరలు తెచ్చి పెట్టమన్నాడు. మాంసం ఉన్న, లేదా మాంసం తగిలిన ఆహార వ్యర్థాలను 100 డిగ్రీల వద్ద గంటసేపు ఉడికించకుండా పందులకు పెట్టడం ఈ దేశంలో 2005 నుంచి నిబంధనలకు విరుద్ధం. వ్యాధి వస్తే ఊరంతటికీ పాకుతుంది.

కాబట్టి తల్లిని మీ కళ్లతో చూడండి, అది పిల్లలకు పాలిస్తుండగా చూస్తే మరీ మంచిది. దాని ముట్టెను పక్కనుంచి చూడండి. వంశ నమోదు ఉందంటే ఆ కాగితం చూపించమని అడిగి, తల్లిదండ్రులిద్దరి వివరాలు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఎనిమిది వారాలు నిండక ముందే పాలు మాన్పించానంటే, ఎంత ముద్దుగా ఉన్నా ఆ పిల్లలను తీసుకోకండి. మావి మొదటి వారమంతా పారుకుంటూనే ఉన్నాయి. నగదు ఇవ్వవలసి వస్తే, జాతి, వయసు, విత్తుల సంగతి రాసిన రసీదు మీద సంతకం తీసుకోండి. మా దగ్గర ఫోన్ సందేశాలు తప్ప ఏమీ లేవు, వాటిలోనూ అతను “కునెకునె” అని తప్ప “అచ్చమైన” అని ఎక్కడా రాయలేదు.

అతని ప్రకటన నిన్న కూడా కనిపించింది. మాకు చూపించిన పిల్ల ఫోటోయే అందులో ఉంది, కింద “నాలుగే మిగిలాయి” అని రాసి ఉంది.