విశాఖ ఎంవీపీ కాలనీలో గేమ్ థియరీ క్లాసు: ఏసీ లేదు, సార్ ఉన్నారు

ఉగ్రవాదాన్ని గేమ్ థియరీతో, అంటే ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి మన ఎత్తు వేసే లెక్కల శాస్త్రంతో, ఎలా ఎదుర్కొంటారో చెబుతామంటే 300 కట్టి ఆదివారం వెళ్లాను. మేడ మీద గది, ఏసీ లేదు, చొక్కా తడిసి ముద్దయింది. సార్ మాత్రం అదరగొట్టారు. 1973లో అమెరికా విమానాశ్రయాల్లో మెటల్ డిటెక్టర్లు పెట్టాక హైజాక్‌లు తగ్గాయి గానీ, వేరే రకం బందీల ఘటనలు పెరిగాయట. ఒక తలుపు మూస్తే ఉగ్రవాది ఇంకోటి వెతుక్కుంటాడన్నమాట. తర్వాత బోర్డు మీద ఆర్కే బీచ్, రైల్వే స్టేషన్ అని రెండు గళ్లు గీసి, ఒక్కటే పోలీసు జీపుంటే ఎక్కడ పెడతారని అడిగారు. నేను స్టేషన్ అన్నాను, తప్పు! రోజూ ఒకేచోట ఉంటే కనిపెట్టేస్తారు కాబట్టి చీటీలు తీసినట్టు మార్చాలి, ముఖ్యమైన చోటికి చీటీలు ఎక్కువ వేయాలి. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో 2007లో చెక్‌పోస్టులకి ఈ పద్ధతే మొదలుపెట్టారు. చివర్లో లెక్కలు మాత్రం పరిగెత్తించేశారు. వెళ్తే నీళ్ల సీసా పట్టుకెళ్లండి.