సైఫర్ స్టెంట్: మందుకు ఎక్కువ మార్కులు, పూతకు తక్కువ

గుండె రక్తనాళాల్లో వేసే మందు పూత స్టెంట్లలో (నాళాన్ని తెరిచి ఉంచే తీగల జాలీ గొట్టాల్లో) అమెరికాలో మొదట అనుమతి పొందినది జాన్సన్ అండ్ జాన్సన్ వారి కార్డిస్ సంస్థ తయారుచేసిన సైఫర్. అది 2003 ఏప్రిల్ నాటి మాట. ఇప్పుడది అమ్మకంలో లేకపోయినా, నేడు మన ఆసుపత్రుల్లో వేస్తున్న మందు పూత స్టెంట్లు అది వేసిన బాటలో వచ్చినవే కనుక దాని మంచిచెడ్డలను తీరిగ్గా బేరీజు వేయడం దండగ కాదు. నా లెక్కలో దానిలోని మందుకు ఎక్కువ మార్కులు, ఆ మందును పట్టి ఉంచిన పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూతకు తక్కువ మార్కులు పడతాయి.

పూత లేని లోహపు స్టెంట్ నాళాన్ని తెరిచి నిలబెడుతుంది గానీ, ఆ ఒత్తిడికి గాయపడిన గోడలోని కండర కణాలు పెరిగి లోపలికి చొచ్చుకురావడం వల్ల కొందరిలో కొద్ది నెలలకే నాళం మళ్లీ ఇరుకవుతుంది. ఈ పెరుగుదలను ఆపడానికి సైఫర్‌లో వాడిన సిరోలిమస్, ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాన్ని వెలికితీసిన పరిశోధకుల్లో ప్రముఖుడు అవిభక్త భారతదేశంలో (ఇప్పటి పాకిస్తాన్‌లో) పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్. మూత్రపిండ మార్పిడి రోగులకు ఇచ్చే ఈ మందు కణాన్ని చంపదు, విభజన చెందకుండా నిలిపివేస్తుంది.

దీన్ని పందుల మీద పరీక్షించడానికి కారణం, వాటి గుండె నాళాలు పరిమాణంలోనూ అమరికలోనూ మనిషి నాళాలకు దగ్గరగా ఉండటమే. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో పూత లేని స్టెంట్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు మాత్రమే కలిపినది, సిరోలిమస్ కలిపినది, దానికి డెక్సామెథసోన్ కూడా చేర్చినది అని నాలుగు రకాలను అమర్చి, 28 రోజుల తర్వాత నాళాలను అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. అలాంటి కోతలో స్టెంట్ తీగల ఆనవాళ్లు గుండ్రంగా వరుసకట్టి కనిపిస్తాయి. వాటి మీద పేరుకున్న కొత్త కణజాలం ఎంత అన్నదే అసలు కొలత. సిరోలిమస్ ఉన్నచోట అది దాదాపు సగానికి తగ్గింది. డెక్సామెథసోన్ చేర్చినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. ఉత్త పాలిమర్‌ను విడిగా పరీక్షించినప్పుడు 60 రోజులకు కణజాలం దాన్ని బాగానే సహించినట్టు కనిపించింది, అంటే రెండు నెలలు తిరిగేసరికి పూత నిర్దోషిగానే తేలింది.

అయితే మందులో అత్యధిక భాగం మొదటి నెలలోనే విడుదలైపోతుంది, పాలిమర్ మాత్రం శాశ్వతంగా ఉండిపోతుంది. 2004లో ప్రచురితమైన మరో పంది అధ్యయనంలో 30వ రోజున కనిపించిన మేలు 90వ రోజుకు, 180వ రోజుకు నిలవలేదు. స్టెంట్ కరపత్రంలో జంతు పరీక్ష ప్రస్తావన ఉంటే, నాళాన్ని ఎన్నో రోజున కోసి చూశారన్నది నేను ముందుగా వెతకడానికి కారణం ఇదే.

మనుషుల్లో ఫలితం ఇంతకంటే మెరుగ్గా వచ్చిందన్నది కూడా ఒప్పుకోవాలి. 238 మంది పాల్గొన్న రావెల్ పరీక్షలో ఆరు నెలలకు లోహపు స్టెంట్ వేసినవారిలో 26.6 శాతం మందికి నాళం మళ్లీ ఇరుకైతే, సైఫర్ వేసినవారిలో ఒక్కరికీ అలా జరగలేదు. ఆ మేలు పందుల్లో లాగా మూడు నెలలకే కరిగిపోనూ లేదు. చిక్కు మరో రూపంలో వచ్చింది. కండర కణాలను ఆపిన మందే నాళపు లోపొర త్వరగా మానకుండా ఆపడం వల్ల, కొద్దిమందిలో చాలా ఆలస్యంగా స్టెంట్‌లో రక్తం గడ్డకట్టింది. పాథాలజీ నిపుణురాలు రేణు విర్మాని బృందం 2004లో వివరించిన ఒక మరణంలో, స్టెంట్ వేసిన ఏడాదిన్నర తర్వాత ఆ చోట తీవ్రమైన అలర్జీ ప్రతిచర్య కనబడింది; మందు ఎప్పుడో అయిపోయి ఉంటుంది కనుక పరిశోధకుల అనుమానం పాలిమర్ మీదకే వెళ్లింది. రెండు రకాల రక్తం పలుచన మాత్రలను ఎక్కువ కాలం వాడాలన్న జాగ్రత్త బలపడటానికి ఇలాంటి అనుభవాలే కారణం.

తయారీపరంగానూ సైఫర్ తీగలు మందమైనవి, సుమారు 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తర్వాత వచ్చిన ఎవరోలిమస్ స్టెంట్ జియెన్స్‌లో అవి 81 మైక్రాన్లే. జియెన్స్‌లోని ఎవరోలిమస్ సిరోలిమస్‌కు దగ్గరి చుట్టమే కాబట్టి, మందు ఎంపికలో కార్డిస్ పొరబడలేదనే చెప్పాలి. సైఫర్ తయారీని నిలిపివేస్తున్నట్టు 2011లో కంపెనీ ప్రకటించే నాటికి, పలుచని తీగలు, శరీరానికి మరింత ఒదిగే పూతలు ఉన్న స్టెంట్లు దాని చోటును ఆక్రమించేశాయి.