ఒంగోలు, నెల్లూరు వైపు సెకండ్ హ్యాండ్ గిటార్ పెడల్ కొంటున్నారా? అడుగు మూత విప్పి చూడకుండా డబ్బులివ్వకండి

చర్చి బ్యాండ్లలో, ఆర్కెస్ట్రాల్లో వాయించే తమ్ముళ్ళంతా ఇది ఒకసారి చదవండి. పెడల్ అంటే గిటార్ సౌండ్‌ని మార్చే, కాలితో తొక్కే చిన్న డబ్బా. "రెండు మూడు ప్రోగ్రాములకే వాడాం, కొత్తదాని మాదిరే ఉంది" అని చెప్పి ఒంగోలులో ఒక డిస్టార్షన్ (సౌండ్‌ని గరుకుగా మార్చే) పెడల్ అమ్మారు. బయట ఒక్క గీత లేదు, వాయిస్తే మోగుతోంది. అడుగు మూత విప్పితే పవర్ జాక్ పక్కన బోర్డు గోధుమ రంగుకు మాడి ఉంది. అక్కడ ఉండాల్సిన, కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగమైన డయోడ్‌ని కాళ్ళు కత్తిరించి తీసేశారు. అమ్మినవాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తేనే మీరు పట్టుకోగలరు. బాస్, ఐబనెజ్ లాంటి కంపెనీల మామూలు పెడల్స్‌కు కావలసింది 9 వోల్టుల డీసీ, అదీ మధ్య పిన్ను నెగటివ్‌గా ఉండే అడాప్టర్. మన దగ్గర స్టేజీ మీద ఎక్కువగా కనబడేవి యమహా కీబోర్డులు. వాటిలో చాలావాటి అడాప్టర్ 12 వోల్టులు, మధ్య పిన్ను పాజిటివ్. వైఫై రూటర్, సీసీ కెమెరా అడాప్టర్లు కూడా చాలావరకు అంతే. ప్లగ్ సైజు చాలావరకు ఒకటే కావడంతో చీకట్లో, హడావుడిలో ఎవరో ఒకరు దాన్ని పెడల్‌కి గుచ్చేస్తారు. కరెంటు తిరగబడి రాగానే బోర్డు మీది రక్షణ డయోడ్ ఆ దెబ్బ తను తిని, వేడెక్కి షార్ట్ అయిపోతుంది. అప్పటినుంచి పెడల్‌కు ప్రాణం ఉండదు.

రిపేరు తెలిసినవాడికి దీన్ని బతికించడం నిమిషం పని. షార్ట్ అయిన డయోడ్‌ని కత్తిరించేస్తే చాలు, లైటు వెలుగుతుంది, సౌండ్ వస్తుంది. కొత్త డయోడ్ వేస్తే అయ్యే ఖర్చు రెండు మూడు రూపాయలు. అది కూడా వేయకుండా అమ్మేవాళ్ళు ఉన్నారు. మళ్ళీ ఒక్కసారి తప్పు అడాప్టర్ తగిలితే ఈసారి అడ్డుకునేది ఏమీ ఉండదు. ఫిల్టర్ కెపాసిటర్ ఉబ్బొచ్చు, ఐసీ (చిప్) కూడా పోవచ్చు. దీన్ని "లైట్‌గా వాడింది" అని అమ్మడం అచ్చమైన మోసం.

కాబట్టి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. వెనక నాలుగు స్క్రూలు ఉంటాయి. "సీల్ పోతుంది అన్నా, విప్పొద్దు" అంటే అక్కడినుంచి వచ్చేయండి, బాస్ పెడల్ అడుగు మూత ఎవరైనా విప్పుకోవచ్చు. స్క్రూ తలలు ముందే అరిగి ఉన్నాయేమో చూడండి. పవర్ జాక్ నుంచి వచ్చే వైర్లు బోర్డును ఎక్కడ కలుస్తాయో అక్కడ నల్ల ఒళ్ళు, ఒక చివర తెల్ల గీత ఉన్న డయోడ్ ఉండాలి. అది 1ఎన్4001 గానీ 1ఎన్4007 గానీ అయి ఉండొచ్చు. అడాప్టర్, బ్యాటరీ రెండూ తీసేసి మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, గీత ఉన్న కాలికి నల్ల ప్రోబ్, రెండో కాలికి ఎర్ర ప్రోబ్ ఆనించండి. 0.5 నుంచి 0.7 మధ్య వస్తే బాగున్నట్టు. బీప్ మోగుతూనే ఉంటే షార్ట్. బోర్డు మీద డీ అని, పక్కన నంబరు ముద్రించిన చోటు ఖాళీగా ఉండి, రెండు మొండి కాళ్ళు కనబడితే ఇంకేం చెప్పక్కర్లేదు. డిజిటల్ డిలే, మల్టీ ఎఫెక్ట్ పెడల్స్‌లో రక్షణ వేరే రకంగా ఉండొచ్చు. వాటిలో ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకుండా మాడిన మచ్చ, ఉబ్బిన కెపాసిటర్, చేత్తో వేసిన ముద్ద సోల్డరింగ్ ఉన్నాయేమో చూడండి.

మన సముద్రపు గాలి గురించి కూడా చెప్పాలి. కావలి, కొత్తపట్నం వైపు బీరువాలో పెట్టిన పెడల్‌కైనా జాక్ లోపలి రేకు మీద పచ్చటి చిలుము పడుతుంది. 9 వోల్టుల బ్యాటరీ లోపలే వదిలేసి ఉంటే అది కారి, క్లిప్పు తెల్లగా పొడి పట్టి ఉంటుంది. క్లిప్పు మార్చుకోవచ్చు, కానీ కారినది బోర్డు మీదకు పాకితే తీసుకోకండి.

మోగించి చూసేటప్పుడు గిటార్, కేబుల్, అడాప్టర్ మూడూ మీవే తీసుకెళ్ళండి. బ్యాటరీతో ఒకసారి, అడాప్టర్‌తో ఒకసారి వాయించండి. పవర్ జాక్ దగ్గర సోల్డర్ పగిలినా బ్యాటరీతో బాగానే పనిచేస్తుంది, అందుకే కొందరు బ్యాటరీ వేసే చూపిస్తారు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇన్‌పుట్‌లో కేబుల్ పెడితేనే లైటు వెలుగుతుంది, అది లోపం కాదు. ప్రతి నాబ్‌నీ మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. గరగర అంటే దుమ్ము కావచ్చు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఒకేచోట సౌండ్ పూర్తిగా తెగితే లోపలి ట్రాక్ అరిగినట్టు, ఆ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) మార్చాల్సిందే. జాక్‌లో ప్లగ్‌ని అటూ ఇటూ కదిపి చూడండి. స్విచ్ కనీసం ఇరవైసార్లు తొక్కండి. పావుగంట వదలకుండా వాయించండి, కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి.

బాస్ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ 1978 నుంచి అదే ఆరెంజ్ డబ్బాలో వస్తోంది, అందుకే నకిలీలు కూడా దొరుకుతాయి. లోపల బోర్డు మీదే అతికించే చిన్న ఎస్ఎండీ భాగాలు కనబడగానే నకిలీ అనుకోకండి, ఈమధ్య వచ్చే అసలువాటిలోనూ అవి ఉంటాయి. సీరియల్ స్టిక్కర్, పెయింటు, అక్షరాల అచ్చు ఇంకొక అసలు పెడల్ పక్కన పెట్టి పోల్చండి. ఐబనెజ్ వాళ్ళ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ అమ్ముతూ "లోపల 4558 చిప్ ఉంది" అని రేటు పెంచితే ఒప్పుకోకండి. ఆ చిప్ చాలా చవక, ఎవరైనా తెచ్చి వేసుకోవచ్చు.

బస్సు పార్సిల్‌లో పంపిస్తాం, ముందు అడ్వాన్స్ వేయండి అంటే వద్దనండి. రసీదు ఫోటో ఎవరైనా తయారుచేస్తారు. డబ్బులు వెనక్కి వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నా నమ్మకండి, పిన్ కొడితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు ఈరోజే మూత విప్పి చూడండి. డయోడ్ లేకపోతే 1ఎన్4007 తెచ్చి, తెల్ల గీత పాజిటివ్ వైపు వచ్చేలా వేయించుకోండి. మీ బ్యాండ్‌లో కీబోర్డు అడాప్టర్ ప్లగ్‌కి ఎర్ర టేపు, పెడల్ అడాప్టర్ ప్లగ్‌కి నల్ల టేపు చుట్టి, స్టేజీ సర్దేవాళ్ళందరికీ ఆ తేడా చెప్పి పెట్టండి.