తురాయా, కానుగా?

విశాఖలో బీచ్ దగ్గరి అపార్ట్‌మెంట్లకు గార్డెన్ డిజైన్ చేయమంటే, ముందు అడిగేది తురాయే. ఎండాకాలంలో ఎర్రగా పూస్తుంది, ఫొటోల్లో బాగుంటుంది మరి! కానీ దాని పుట్టిల్లు మడగాస్కర్. వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

కానుగ మన చెట్టు. తల్లివేరు లోతుకి దిగుతుంది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఎరువు గొడవ తక్కువ. నీడ చిక్కన. కార్ల మీద పూలు రాలతాయని వాచ్‌మన్ గొణుగుడు మాత్రం తప్పదు.

ఇదంతా నాకు కాలేజీలో కాదు, నర్సరీలో మొక్కలమ్మే తాత దగ్గర తెలిసింది. పార్కింగ్ పక్కన నేను కానుగే వేస్తాను. బాగా ఖాళీ ఉంటే, గోడలకి దూరంగా ఒక్క తురాయి.